గృహారోగ్యము: చేయి పట్టని వైద్యమునకు చదువేల?

గడచిన సంచికలో ఇంట నుండవలసిన మందుల పెట్టెను గూర్చి మేము వ్రాసిన నాలుగు మాటలు చదివి, ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె కుమారుడు వైద్యకళాశాలలో చదువుచున్నాడట. మొన్న సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, రోగిని ముట్టుకొనకయే సెల్‌ఫోనులో చూచి, విని, వైద్యము చెప్పు పద్ధతిని తమకు నేర్పుచున్నారని చెప్పెనట. “చేయి పట్టి నాడి చూడని వైద్యము వైద్యమగునా? ఫోనులో మాటలాడుట నా మనుమరాలికి గూడ వచ్చును. దానికొక చదువు, ఒక పరీక్ష కావలెనా?” అని ఆ సోదరి ప్రశ్న. ఈ సందేహము ఆమె యొక్కతెదే కాదు. మాకు తెలిసిన పెద్దలనేకులు ఇదే మాట యనుచున్నారు. కావున ఈ నెల మా పుటలను దీనికే కేటాయించుచున్నాము.

మనదేశమున మంచి వైద్యునకు “హస్తవాసి కలవాడు” అని పేరు. మందు ఏదైనను, ఆ చేతి గుణమున రోగము తగ్గునని మన నమ్మకము. హస్తమే లేనిచోట హస్తవాసి యెక్కడిది? ప్రశ్న న్యాయమైనదే. కాని వైద్యునకును రోగికిని నడుమ కొంత యెడము కల్పించుట ఈనాటి సంగతి గాదు. 1816వ సంవత్సరమున పారిస్ నగరమున లేనెక్ అను వైద్యుని యొద్దకు గుండెజబ్బుతో ఒక యువతి వచ్చినది. ఆ దినములలో వైద్యుడు రోగి రొమ్మునకు చెవి యానించి వినెడివాడు. ఆ యువతి విషయమున అట్లు చేయుట మర్యాద గాదని తలచి, లేనెక్ కాగితమును గొట్టమువలె చుట్టి, ఒక కొనను ఆమె యెదపై నుంచి, రెండవ కొనను తన చెవికి చేర్చెను. గుండెచప్పుడు మునుపటికంటె స్పష్టముగ వినబడెను. నేడు ప్రతి వైద్యుని మెడలో కనబడు స్టెతస్కోపు అట్లు పుట్టినది. ఒక స్త్రీ సిగ్గును మన్నింపబోయి వైద్యుడు మూరెడు వెనుకకు జరుగగా, వైద్యశాస్త్రము బారెడు ముందునకు జరిగినది. ఆ గొట్టమును వాడుట గూడ విద్యార్థులు ఏండ్ల తరబడి నేర్చుకొనిన విద్యయే గాని, తనంత తాను వచ్చినది కాదు.

1924వ సంవత్సరమున అమెరికాలో రేడియో న్యూస్ అను పత్రిక, ఇంటిలోని రోగిని యంత్రము ద్వారమున వైద్యుడు పరీక్షించుచున్నట్లు ముఖచిత్రమును ప్రచురించినది. నాడది వట్టి ఊహ. మన ఆంధ్రదేశమున చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామమునకు ఈ చరిత్రలో స్థానమున్నది. అచ్చటి ఆసుపత్రిని నగరములోని నిపుణులతో కలుపు దూరవైద్య కేంద్రమును 2000వ సంవత్సరము మార్చి నెలలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించెను. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఈ-సంజీవని అను ఏర్పాటును ఆరంభించినది. పల్లెలోని ఆరోగ్యకేంద్రమున కూర్చున్న రోగిని అచ్చటి ఆరోగ్య కార్యకర్త దూరముననున్న వైద్యునకు చూపుట దాని పద్ధతి. అంతలో కరోనా వచ్చి ఇంటి గడపలు మూయించినది. 2020 మార్చి 25వ తేదీన ప్రభుత్వము దూరవైద్యమునకు నియమావళిని ప్రకటించినది. ఏప్రిల్ నెలలో, ఇంటనుండియే రోగి వైద్యుని పిలుచు సదుపాయము ఈ-సంజీవనిలో చేరినది. ఆ నియమావళిలోనే, దూరవైద్యము చేయదలచిన ప్రతి వైద్యుడును దానికై ఏర్పరచిన శిక్షణను మూడు సంవత్సరములలోపల పొందవలెనని వ్రాసియున్నది. ఏండ్ల తరబడి అనుభవము గల వైద్యులకే శిక్షణ కావలెనన్నప్పుడు, చదువుకొనుచున్న పిల్లలకు వలదనుట యెట్లు?

ఇచ్చట మా ఇంటి ముచ్చట యొకటి చెప్పక తప్పదు. మా పినతల్లికి అరువదియెనిమిది సంవత్సరములు. గోదావరి తీరమున చిన్న గ్రామమున కుమారునితో నున్నది. క్రిందటి వర్షకాలమున ఆమెకు ఒంట్లో నలతగా నుండి, వాకిట నీళ్లు నిలిచి ప్రయాణమునకు వీలులేక, కుమారుడు ఫోనులో ఒక వైద్యుని పిలిచెను. వైద్యుడు ప్రశ్నించెను, కుమారుడు బదులు చెప్పెను. “జ్వరమున్నదా?” “లేదండీ.” “నొప్పి యెక్కడ?” “కడుపు పైభాగమున నండీ, వాయువు పట్టినట్లున్నది.” “భోజనము?” “సరిగా చేయుట లేదండీ.” మూడు నిమిషములలో ముగిసినది. కడుపులో మంటకు మాత్రలు వ్రాసియిచ్చిరి. మా పినతల్లి ప్రక్కనే మంచముపై నున్నది. ఆమె ముఖమును వైద్యుడు చూడలేదు, ఆమె గొంతును వినలేదు.

నాలుగు దినములైనను నలత తగ్గలేదు. కుమారుడు మరల పిలువగా, ఈమారు వేరొక చోటినుండి ఒక చిన్నది పలికెను. అప్పుడప్పుడే చదువు ముగించి, పెద్ద వైద్యుని చేతిక్రింద శిక్షణ పొందుచున్న పిల్ల. తన పేరు చెప్పి, తాను నేర్చుకొనుచున్నదాననియు, తన గురువు ప్రక్కనుండి వినుచున్నాడనియు తెలిపి, అందుకు సమ్మతియేనా యని యడిగినది. పిదప, “అన్నయ్యగారూ, ఫోను ఒకమారు అమ్మగారికి ఇవ్వండి. అమ్మగారితోనే మాటలాడెదను,” అన్నది. మా పినతల్లిని, “అమ్మా, నెల క్రిందట చేసికొనగలిగి, ఇప్పుడు చేసికొనలేని పని యేదైన నున్నదా?” అని యడిగి ఊరకున్నది. తొందరపెట్టలేదు. మా పినతల్లి కొంతసేపు ఆలోచించి, “పెరటి మెట్లు ఎక్కలేకున్నానమ్మా. నాలుగు మెట్లకే ఆయాసము. దవడ లాగుచున్నది. నిలబడితే పోవును. పిల్లవాడు కంగారు పడునని చెప్పలేదు,” అన్నది.

ఆ పిల్ల మరి రెండు ప్రశ్నలడిగి, గురువుతో మాటలాడి, ఇది ఫోనులో తేల్చవలసిన వ్యవహారము గాదనియు, ఆనాడే గుండె పరీక్షలు చేయు ఆసుపత్రికి పోవలెననియు, దారిలో నొప్పి హెచ్చినచో 108కి ఫోను చేయవలెననియు చెప్పినది. సాయంకాలమునకు ట్రాక్టరుపై నీళ్లు దాటించి తీసికొనిపోయిరి. గుండెకు రక్తము కొనిపోవు నాళములలో ఒకటి చాలవరకు మూసికొనిపోయినదని తేలినది. సకాలమున చికిత్స జరిగినది. పినతల్లి నేడు సుఖముగ నున్నది. మొదటి వైద్యుడు చదువు తక్కువవాడు గాడు. స్త్రీలలో, ముఖ్యముగ పెద్దవయసువారిలో, గుండెజబ్బు రొమ్మునొప్పిగా గాక ఆయాసముగను, నీరసముగను, వికారముగను, దవడ, వీపు లాగుటగను కనబడవచ్చునని ఆయనకు తెలియకపోదు. తెలిసిన విద్యను ఫోనులో ఎట్లు వాడవలెనో ఎవరును నేర్పియుండరు. ఆ చిన్నదానికి నేర్పిరి. భేదమంతయు నదియే.

ఇక, ఏమి నేర్పుదురో చెప్పెదము.

మొదటిది, కూర్చుండుట. నవ్వులాటగ తోచవచ్చును గాని, వెలుతురు వీపువైపునుండి వచ్చినచో వైద్యుని ముఖము నల్లని నీడవలె కనబడును. ముఖము కనబడని వైద్యునితో ఏ యాడుది తన బాధ చెప్పుకొనును? కావున వెలుతురు ఎదుటినుండి రావలెను. కెమెరా కన్నుల యెత్తున నుండవలెను. గది తలుపు మూసి, ఇతరుల చెవిని బడకుండ చెవులకు యంత్రము తగిలించుకొనవలెను. రోగి మాటలాడుచుండగ తెరపైని బొమ్మను గాక కెమెరాను చూచినప్పుడే, రోగికి తన కన్నులలోనికి చూచుచున్నట్లు తోచును. తల వంచి వ్రాసికొనవలసి వచ్చినచో, “మీరు చెప్పినది వ్రాసికొనుచున్నానమ్మా, వినుచునే యున్నాను,” అని చెప్పవలెను. ఎదురుగ కూర్చున్నప్పుడు కలము కదలుట రోగికి కనబడును, ఫోనులో కనబడదు. చెప్పకున్నచో, వైద్యుడు వేరేదో చూచుకొనుచున్నాడని రోగి మనసు విరుగును.

రెండవది, ఎవరు ఎవరో తేల్చుకొనుట. వైద్యుడు తన పేరును, అర్హతను చెప్పవలెను. రోగి పేరు, వయస్సు, ఊరు కనుగొనవలెను. ఫోను నడుమ తెగినచో ఏ సంఖ్యకు పిలువవలెనో, ఆ క్షణమున రోగి యే యూర, ఏ వీధిలో నున్నదో ముందే వ్రాసికొనవలెను. మాటలాడుచు మాటలాడుచు రోగి స్పృహ తప్పినచో సహాయమును ఎచ్చటికి పంపుదురు? రోగియే స్వయముగ పిలిచినచో సమ్మతి యున్నట్లే యెంచవచ్చును గాని, బంధువుగాని, ఆరోగ్య కార్యకర్తగాని పిలిచినచో రోగి సమ్మతిని వేరుగ అడిగి వ్రాసికొనవలెనని నియమము. మైనరు బిడ్డయైనచో పెద్దవారొకరు ప్రక్కనుండవలెను. ఆ పెద్దవారెవరో తెలిసికొనవలెను.

మూడవది, వినుట. ఇది యన్నిటికంటె కష్టమైనది. ఎదురుగ నున్న రోగి నోరు తెరువకున్నను, ఆమె నడచివచ్చు తీరు, కూర్చుండు తీరు, చీరకొంగు నలుపుకొను తీరు వైద్యునకు ఎన్నో చెప్పును. ఫోనులో అవి సగము కనబడవు. వట్టి మాటయే యైనచో అసలే కనబడవు. అందుచేత మాటలలోని తడబాటును, నిట్టూర్పును, నడుమ ఆగుటను విను చెవి కావలెను. పిల్లల చదువంతయు ఇంగ్లీషు పుస్తకములలో సాగును. రోగి పలుకు మన యింటి పలుకు. ఒకచోట పడిశము, ఒకచోట జలుబు, తెలంగాణమున సర్ది. ఒకరికి ఆయాసము, మరియొకరికి దమ్ము. “కళ్లు తిరుగుచున్నవి”, “కడుపులో దేవుచున్నది”, “తెల్లబట్ట యగుచున్నది”, “గుండెలు జారినట్లున్నవి” అను మాటలకు సరియైన అర్థమును గ్రహించి, సందేహమున్నచో “అనగా ఎట్లుండునమ్మా?” అని మరల అడుగుటకు సిగ్గుపడకుండుట వారికి నేర్పవలెను.

నాలుగవది, రోగి చేతులనే తన చేతులుగ వాడుట. సోదరి యడిగిన “చేయి పట్టని వైద్యము” అను మాటకు మా సమాధాన మిచ్చటనే యున్నది. దూరవైద్యమున చేయి లేకపోలేదు. అది వైద్యుని చేయి గాక మన చేయి యగును. పసిబిడ్డకు దగ్గు, ఆయాసము వచ్చినదనుకొందము. తల్లి బిడ్డ చొక్కాను తీసి, రొమ్ము, పొట్ట కనబడునట్లు వెలుతురున పట్టుకొనవలెను. బిడ్డ ఏడ్వక నిమ్మళముగ నున్నప్పుడు, గడియారము చూచుకొనుచు నిండుగ ఒక నిమిషము ఊపిరులను లెక్కింపవలెను. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషమునకు 60, రెండు నెలలు మొదలు ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు 40, లేక అంతకు మించినచో అది వేగమైన ఊపిరి యని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. ఊపిరి లోనికి తీయునప్పుడు ప్రక్కటెముకల క్రిందిభాగము లోనికి గుంజుకొనిపోవుచున్నచో, బిడ్డ పాలు త్రాగలేకున్నచో, మగతగ నున్నచో, ఇక ఫోనుతో పని లేదు, ఆసుపత్రికి పరుగెత్తవలసినదే. ఈ లెక్క పుస్తకములో వైద్యవిద్యార్థులందరును చదువుదురు. కాని కంగారుపడుచున్న తల్లిచేత దానిని చేయించుట వేరొక విద్య. “మీరు లెక్కింపుడు, నేనును మీతో లెక్కించెదను,” అని నెమ్మదిగ పలుకు గొంతు పుస్తకములలో దొరకదు.

ఇట్లే రక్తపుపోటు చూచు యంత్రము. చాల యిండ్లలో నున్నది, కాని సరిగ వాడువారు తక్కువ. అయిదు నిమిషములు ఊరక కూర్చుండి, వీపు ఆనించి, పాదములు నేలపై నుంచి, చేయి గుండె యెత్తున బల్లపై నుంచి, పట్టీని రవికె చేతిపై గాక ఒంటిపైననే చుట్టి, మాటలాడక చూచుకొనవలెను. వంటయింటినుండి పరుగున వచ్చి చూచుకొనిన లెక్కను నమ్మి మందు మార్చు వైద్యుడు పొరబడును. వ్రేలికి తగిలించి రక్తములో ప్రాణవాయువును చూచు చిన్న యంత్రము గూడ గోళ్లరంగువలనను, చల్లబడిన వ్రేళ్లవలనను తప్పు చూపవచ్చును. నల్లని మేనివారిలో ఒక్కొక్కప్పుడు ఉన్నదానికంటె హెచ్చు చూపును. కాబట్టి అంకె యేమని మాత్రమే గాక, దానిని ఎట్లు చూచితిరని గూడ అడుగుటను విద్యార్థి నేర్చుకొనవలెను.

అయిదవది, చాలించుట. ఏది ఫోనులో తీరును, ఏది తీరదు అను వివేకమే ఈ విద్యకు ప్రాణము. రొమ్ములో గడ్డ తగిలినదని స్త్రీ చెప్పినచో దానిని ముట్టి చూడక ధైర్యము చెప్పరాదు. గర్భవతికి విడువని తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము వాచుట, రక్తము కనబడుట, కడుపులో బిడ్డ కదలిక తగ్గుట గలిగినచో మాటలతో కాలము గడుపరాదు. మూతి ప్రక్కకు పోవుట, ఒక చేయి పడిపోవుట, మాట తడబడుట పక్షవాత లక్షణములు. అచ్చట ప్రతి నిమిషము విలువైనది. ఇట్టి యెడల వైద్యుడు వెంటనే చేయవలసిన ప్రథమచికిత్స చెప్పి, రోగిని ఆసుపత్రికి పంపవలెను. ఫోనులో వ్రాయదగిన మందులకు, వ్రాయరాని మందులకు గూడ నియమావళి హద్దులు పెట్టినది. మత్తు కలిగించు మందులను దూరమునుండి వ్రాయుట నిషిద్ధము. “నేనిది ఇచ్చటినుండి తేల్చలేను” అని యనుట చేతగానితనము గాదని పిల్లలకు మొదటి దినముననే చెప్పవలెను.

ఆఱవది, ముగించుట. చెప్పిన దంతయు అర్థమైనదా యని యడిగిన, మనము మర్యాదకై “అయినదండీ” అందుము. అందుచేత, “అమ్మా, నేను సరిగ చెప్పితినో లేదో చూచుకొనుటకు, ఈ మాత్రలను ఎట్లు వాడుదురో మీ మాటలలో ఒకమారు చెప్పుడు,” అని యడుగుట నేర్పుదురు. తప్పు రోగిది గాక తన చెప్పుటలోనిది యన్నట్లు అడుగుటలోనే దాని సొగసున్నది. తరువాత, ఏ లక్షణము కనబడిన ఎన్ని గంటలలో మరల పిలువవలెనో, ఎప్పుడు నేరుగ ఆసుపత్రికి పోవలెనో చెప్పి, మందుల చీటీని పంపవలెను.

ఇవన్నియు నేర్పు పద్ధతి యేది యని మీరడుగవచ్చును. ఉపన్యాసములు విని ఈత నేర్చినవారు లేరు. 1963వ సంవత్సరమున అమెరికాలో హోవర్డ్ బారోస్ అను నరముల వైద్యుడు, ఆరోగ్యవంతులకు రోగిపాత్రను నేర్పి, వారిని విద్యార్థులు పరీక్షించునట్లు ఏర్పాటు చేసెను. 1975వ సంవత్సరమున స్కాట్లండులోని డండీ నగరమున రోనాల్డ్ హార్డెన్ అను ఆచార్యుడు, విద్యార్థి ఒక చోటినుండి మరియొక చోటికి పోవుచు, ఒక్కొక్కచోట ఒక్కొక్క పని చేసి చూపవలసిన పరీక్షాపద్ధతిని ప్రకటించెను. ఈ రెంటిని కలిపి, నేడు ఒక గదిలో విద్యార్థిని, వేరొక గదిలో రోగిపాత్రధారిని కూర్చుండబెట్టి, నడుమ తెర యుంచి పరీక్షింతురు. ఒక్కొక్కప్పుడు కావలెననియే మాటను నడుమ తెగగొట్టుదురు. రోగి ప్రక్కన అత్తగారినో భర్తనో కూర్చుండబెట్టి, వారిచేతనే మాటలాడింతురు. విద్యార్థి యేమి చేయునో చూతురు. పిదప పాత్రధారియే, “నీవు ఆ ప్రశ్న అడిగినప్పుడు నాకు చెప్పబుద్ధి పుట్టలేదు,” అని చెప్పును. గురువు దిద్దుటకంటె ఆ మాట మనసులో లోతుగ నాటును. అటుపిమ్మట నిజమైన రోగితో, రోగి సమ్మతిపై, గురువు వినుచుండగ విద్యార్థి మాటలాడును.

అమెరికాలోని వైద్యకళాశాలల సంఘము 2021వ సంవత్సరమున దూరవైద్యమున విద్యార్థికి రావలసిన నేర్పులను ఆఱు తెగలుగ విడదీసి ప్రకటించినది. రోగి క్షేమము, అందరికిని అందుబాటు, మాటతీరు, సమాచార సేకరణ, యంత్రముల వాడుక, నీతినియమములు అని వాని సారాంశము. మన దేశమున 2019వ సంవత్సరమున వైద్యవిద్యకు వచ్చిన క్రొత్త పాఠ్యప్రణాళికలో నడవడి, నీతి, మాటతీరు అనువానిని పాఠములుగ చేర్చిరి. దూరవైద్య శిక్షణకు ఆ పాఠములే పునాది.

సోదరీమణులారా, ఈ శిక్షణలో మన స్త్రీలకు సంబంధించిన మాట యొకటి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఆసుపత్రిలోనైనచో వైద్యురాలు, “మీరు కొంచెము బయట కూర్చుండుడు,” అని మగవారిని పంపి తలుపు వేయగలదు. ఫోను మోగునది మన యింటనే. ఆ ఫోను తరచుగ భర్తది, లేక కొడుకుది. గది యొక్కటియే, వినువారు నలుగురు. నెలసరి సంగతి, కాన్పు తరువాతి దిగులు, ఒంటిపైని దెబ్బ ఎట్లు తగిలెనన్న నిజము, నలుగురి నడుమ ఏ యిల్లాలు చెప్పగలదు? కావున విద్యార్థి మొట్టమొదట, “అమ్మా, మీ ప్రక్కన ఎవరైన నున్నారా? ఇప్పుడు మాటలాడుట మీకు వీలేనా?” అని యడుగుట నేర్వవలెను. వీలుకాదని తోచినచో, అవును, కాదు అను మాటలతో బదులు చెప్పదగిన ప్రశ్నలే వేయవలెను. లేక ఆమెకు వీలగు వేళకు మరల పిలువవలెను. లేక ఏదో పరీక్ష నెపమున ఆసుపత్రికి రప్పించుకొనవలెను. చిత్రమును పంపుమని యడుగునప్పుడు గూడ, అది యెందులకు, ఎవరు చూతురు, ఎచ్చట దాచుదురు అని ముందే చెప్పవలెను. ఇవి నేర్వని వైద్యునకు యంత్రములెన్ని యున్నను, మన బాధలో సగము వినబడదు.

మనవంతు పనియు కొంత కలదు. వైద్యుని పిలుచుటకు ముందు, బాధ యెప్పుడు మొదలైనది, ఏ మందులు వాడుచున్నారు, ఏ మందు పడదు అను సంగతులను కాగితముపై వ్రాసియుంచుకొనుడు. వాడుచున్న మాత్రల అట్టలను దగ్గర పెట్టుకొనుడు. ఒంటిపైని మచ్చను చూపవలసినచో పగటి వెలుతురున, ప్రక్కన ఒక రూపాయి బిళ్ల నుంచి చిత్రము తీయుడు. మచ్చ యెంత పెద్దదో తెలియును. అత్తగారికో, తల్లికో బాధయైనచో ఫోను వారి చేతికే యిండు. వారు మరచినది మాత్రము మీరు చెప్పుడు. “ఒక విద్యార్థి వినవచ్చునా?” అని యడిగినచో, మీకు కష్టము లేనియెడల సమ్మతింపుడు; కష్టమైనచో వలదనుటకు మీకు పూర్ణాధికారము కలదు. నేర్చుకొనుచున్న పిల్ల మన మాటను మనచేతనే చెప్పింపక మగవారినే యడుగుచున్నచో, “అమ్మాయీ, బాధ నాది, నన్నడుగుము,” అని మెల్లగ చెప్పుడు. అదియు నొక పాఠమే.

మాకు జాబు వ్రాసిన సోదరికి తుదిమాట. మీ కుమారుడు సెలవులకు మరల వచ్చినప్పుడు, మీరు వేరొక గదిలో కూర్చుండి, రోగివలె నటించి, అతనిచేత ఫోనులో పరీక్ష చేయించుకొనుడు. అతడు మొదట మీ మోకాలినొప్పిని గూర్చి యడుగును. మీరు దానిని చెప్పుడు. చెప్పిన తరువాత కొంచెము ఆగుడు. అతడు గూడ ఆగి, “ఇంకేమైన నున్నదా అమ్మా?” అని యడుగునేమో చూడుడు. అడిగినచో, ఆ చదువు వ్యర్థము కాలేదని తెలిసికొనుడు. అడుగకున్నచో, మీరే నేర్పుడు. తల్లికంటె ఓర్పుగల గురువు అతనికి కళాశాలలో దొరకదు. నాడి పట్టు విద్య వ్రేళ్లలో నున్నట్లే, హస్తవాసి యను గుణము చెవిలో గూడ నుండునని మా పినతల్లి మెట్లమీద నిలబడి చెప్పుచున్నది. ఆమె యిప్పుడు ఆ నాలుగు మెట్లను ఆగకుండ ఎక్కుచున్నది.